పాత వ్యాను గేర్ బాక్సు ఆయిల్ ఇంటి దగ్గరే చూసుకోవడం

ఇంజను ఆయిల్ కొంత కాలిపోతుంది, అందుకే అప్పుడప్పుడు తరుగుతుంది. గేర్ బాక్సు ఆయిల్ కాలదు. అది తగ్గిందంటే ఎక్కడో కారి ఉండాలి, లేదా కిందటిసారి పోసినవాళ్ళే తక్కువ పోసి ఉండాలి. పాత ఓమ్నీనో ట్రావెలర్‌నో తీసుకుని, వెనక మంచం, నీళ్ళ ట్యాంకు, పొయ్యి బిగించుకుని తిరిగేవాళ్ళు లెవెల్ చూసేటప్పుడు ఈ మాట మనసులో పెట్టుకోవాలి. తగ్గితే పోసి ఊరుకోవడం సగం పనే. ఎటు పోయిందో కనిపెడితేనే పని పూర్తయినట్టు.

సాలూరు దాటి సుంకి ఘాటు ఎక్కి, పొట్టంగి, సెమిలిగుడ మీదుగా కోరాపుట్, జయపురం వెళ్ళే దారిలో గానీ, పర్లాకిమిడి నుంచి మహేంద్రగిరి వైపు ఎక్కేటప్పుడు గానీ గేర్ బాక్సు మీద పడే భారం మైదానంలో పడేదానికంటే చాలా ఎక్కువ. పాత మాన్యువల్ గేర్ బాక్సుల్లో సాధారణంగా ఆయిల్ పంపు ఉండదు. అడుగు షాఫ్టు గేర్లు ఆయిల్‌లో మునిగి తిరుగుతూ పైకి చిమ్మితేనే పై గేర్లకూ బేరింగులకూ తడి అందుతుంది. బండి ముక్కు కిందికి పెట్టి సెకండ్ గేర్‌లో ఘాటు దిగుతుంటే లోపలి ఆయిలంతా ముందుకు చేరుతుంది, వెనక బేరింగు దగ్గర లెవెల్ పడిపోతుంది. నిండుగా ఉంటే దానివల్ల నష్టం లేదు. అర లీటరు తక్కువ ఉన్న బాక్సులో మాత్రం ఆ బేరింగు ఘాటు పొడుగునా దాదాపు ఎండగానే తిరుగుతుంది. ఊళ్ళో నెలల తరబడి ఏమీ తెలియనివ్వని బండి ఒక్క ఘాటు దిగేసరికి ఊళ పెట్టడం మొదలెట్టేది అందుకే.

కావాల్సినవి

ప్లగ్గుకు సరిపోయే రింగు పానా లేదా ఆరు మూలల సాకెట్టు, ఇనుప తీగ, పాత గుడ్డలు, కొద్దిగా కిరోసిన్, వెడల్పాటి పళ్ళెం, టార్చి, మేస్త్రి వాడే రసమట్టం, ప్లగ్గు కింద వేసే కొత్త వాషరు, తక్కువైతే పోయడానికి ఒక లీటరు ఆయిల్. కొన్ని బండ్లకు ప్లగ్గు తల బయటికి పొడుచుకుని ఉండదు, లోపలికి చదరపు గుంటో ఆరు మూలల గుంటో ఉంటుంది. దానికి తగిన కీ ముందే సంపాదించుకోండి. స్క్రూ పానా మాత్రం తేవద్దు. ఏళ్ళ తరబడి ఎర్రమట్టి పట్టి బిగుసుకున్న ప్లగ్గు మూలలు దానితో ఒక్కసారి జారితే అరిగి గుండ్రమైపోతాయి. అక్కడి నుంచి అది వెల్డింగు షాపు పని.

ఆయిల్ సంగతి. బజార్లో గేర్ ఆయిల్ అడిగితే రాయగడలోనైనా బరంపురంలోనైనా కొట్టువాడు అడిగే మొదటి ప్రశ్న “తొంభై నంబరా, నూట నలభైయా” అని. ఆ జవాబు ఒక్కటే చాలదు. నంబరు చిక్కదనం చెబుతుంది, అంతే. డబ్బా మీద జీఎల్-4, జీఎల్-5 అని ఇంకో గుర్తు ఉంటుంది, అసలు తేడా దానిలో ఉంది. వెనక ఇరుసులో ఉండే క్రౌన్ పళ్ళు ఒకదాని మీద ఒకటి జారుతూ రాసుకుంటాయి కాబట్టి అక్కడికి గంధకం, భాస్వరం మందులు ఎక్కువ కలిపిన జీఎల్-5 కావాలి. గేర్ బాక్సులో సింక్రో రింగులు (గేరు పడేముందు తిరిగే వేగాలను కలిపే రింగులు) చాలా బండ్లకు ఇత్తడి రకం లోహంతో చేసినవి. ఆ మందులు ఎక్కువైతే కొన్ని ఆయిళ్ళు ఈ లోహాన్ని నెమ్మదిగా తినేస్తాయి, గేర్ పడేటప్పుడు కావాల్సిన పట్టు కూడా తగ్గిస్తాయి. అందుకే గేర్ బాక్సుకు ఎక్కువగా 80డబ్ల్యూ-90 జీఎల్-4, క్రౌన్‌కు 90 లేదా 140 జీఎల్-5 చెబుతారు. తుది మాట మాత్రం బండి పుస్తకానిదే. ఇంజను ఆయిలో, ఆటోమేటిక్ ఆయిలో పోయమని చెప్పిన పాత గేర్ బాక్సులూ లోకంలో ఉన్నాయి. పుస్తకం లేకపోతే అదే మోడల్‌ది ఇంకొకరి దగ్గర చూడండి. “అన్నిటికీ ఒకటే ఆయిల్ అండీ” అనే మాట మీద డబ్బా విప్పొద్దు.

బండి నిలబెట్టడం

ఇక్కడ జరిగే తప్పే ఎక్కువమందిని మోసం చేస్తుంది. ముందు చక్రాలు జాకీతో లేపి, కిందికి దూరి, ప్లగ్గు విప్పి చూస్తే ఆ లెవెల్ అబద్ధం. ఆయిల్ వెనక్కి ఒరిగి ఉంటుంది. ప్లగ్గు రంధ్రం బాక్సు నడిమికి 20 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుంటే, బండి రెండు డిగ్రీలు వాలినా అక్కడ లెవెల్ 7 మిల్లీమీటర్లు తేడా చూపిస్తుంది. చక్రం ఎత్తిన బండి వాలు రెండు డిగ్రీలతో ఆగదు.

కాబట్టి నాలుగు చక్రాలూ ఒకే మట్టంలో ఉండాలి. సిమెంటు నేల మేలు. డోరు కింద పొడుగు పట్టీ మీద రసమట్టం పెట్టి ముందు వెనకలు చూడండి, తర్వాత అడ్డంగా పెట్టి రెండు పక్కలు చూడండి. మంచం, సామాను కట్టిన వ్యాన్లు వెనక్కి కుంగి ఉంటాయి. వంద లీటర్ల నీళ్ళ ట్యాంకు వెనక చక్రాల మీద నిండుగా ఉంటే స్ప్రింగు పట్టీలు బాగా వంగుతాయి. ట్యాంకు ఖాళీ చేసి చూడటం మంచిది. అప్పటికీ కుంగుంటే వెనక చక్రాల కింద సమానమైన పలకలు వేసి మట్టం చేయండి.

ట్రావెలర్ లాంటి ఎత్తు బండి కిందికి జాకీ లేకుండానే దూరొచ్చు. ఓమ్నీకి కష్టం. ఇంజను ముందు సీట్ల కింద, దాని వెనక గేర్ బాక్సు, అక్కడి నుంచి షాఫ్టు వెనక ఇరుసుకు పోతుంది, అదంతా నేలకు దగ్గరగానే ఉంటుంది. సర్వీసింగు గుంట ఉన్న చోటు దొరికితే అంతకు మించింది లేదు. లేకపోతే నాలుగు చక్రాల కిందా మందపాటి సాల చెక్క దిమ్మలు వేసి వాటి మీదికి నడిపించండి, లేదా నాలుగు మూలలా ఇనుప స్టాండ్లు పెట్టండి. ఇటుకలు, బోలు సిమెంటు దిమ్మలు పెట్టొద్దు. అవి పగుళ్ళు చూపించి మరీ విరగవు, ఒక్కసారే పొడైపోతాయి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద తల పెట్టకూడదు, ఒక్క నిమిషానికైనా సరే. హ్యాండ్ బ్రేకు వేసి, బండిని ఫస్ట్ గేర్‌లో ఉంచి, చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టి, తాళం జేబులో వేసుకున్నాకే కిందికి.

ఆయిల్ కొంచెం గోరువెచ్చగా ఉంటే చూడటానికి బాగుంటుంది. ఐదారు కిలోమీటర్లు తిప్పి, పావుగంట ఆపి చూడండి. పైకి చిమ్మిన ఆయిల్ కిందికి దిగడానికి ఆ మాత్రం సమయం కావాలి. ఘాటు దిగివచ్చిన వెంటనే చూడొద్దు. సైలెన్సరు గొట్టం పక్కనే ఉంటుంది, చెయ్యి కాలుతుంది. పైగా వేడికి ఆయిల్ కాస్త పొంగి, తక్కువున్నది సరిపోయినట్టు కనిపిస్తుంది.

ప్లగ్గు విప్పడం, వేలు పెట్టి చూడటం

గేర్ బాక్సుకు మామూలుగా రెండు ప్లగ్గులుంటాయి. అడుగున ఉన్నది ఆయిల్ దింపేది. పక్కన, మధ్య ఎత్తులో ఉన్నది పోసేది, లెవెల్ చూసేదీ అదే. డిప్‌స్టిక్ ఉండే మాన్యువల్ బాక్సులు తక్కువ. మీరు చూడాల్సింది పక్క ప్లగ్గే. ఆయిల్ మార్చే రోజైనా పై ప్లగ్గే ముందు విప్పండి. అడుగుది విప్పి ఆయిలంతా దింపేశాక పైది తుప్పుపట్టి రానని మొండికేస్తే, పోసే దారి లేక బండి ఇంటి ముందే కూర్చుంటుంది.

విప్పేముందు ప్లగ్గు చుట్టూ ఉన్న మట్టిని తీగ బ్రష్షుతో రాలగొట్టి, కిరోసిన్ గుడ్డతో తుడవండి. ఈ పని బద్ధకించొద్దు. ఇక్కడి ఎర్రమట్టిలో సన్నని ఇసుక ఉంటుంది, చిటికెడు లోపల పడినా బేరింగులకు అది ఆకురాయే. ప్లగ్గు కదలకపోతే ముందు రోజు రాత్రే డబ్ల్యూడీ-40 లాంటి తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేయండి, పొద్దున పానా పెట్టే ముందు ప్లగ్గు తల మీద సుత్తితో రెండు చిన్న దెబ్బలు వేయండి. పానా పూర్తిగా కూర్చోకుండా బలం పెట్టొద్దు.

వదులయ్యాక చేత్తో నెమ్మదిగా తిప్పుతూ పళ్ళెం పక్కనే ఉంచుకోండి. ఆయిల్ బయటికి కారితే లెవెల్ ఎక్కువుందన్నమాట. రంధ్రం అంచుకు వచ్చేదాకా కారనివ్వండి. ఏమీ కారకపోతే చిటికెన వేలు లోపలికి పెట్టి కిందికి వంచండి. గేర్ల పళ్ళు దగ్గరలోనే ఉంటాయి, అందుకే ఇంజను ఆపి ఉన్నప్పుడే ఈ పని. వేలు పట్టకపోతే తీగ కొసను మూలగా మడిచి, మడత రంధ్రం కింది అంచు మీద ఆనేలా దించి, తడి ఎక్కడుందో చూడండి.

రంధ్రం కింది అంచుకు సమానంగా ఉండటం సరైన లెవెల్. అంచుకు 5 మిల్లీమీటర్ల దాకా కిందుంటే కంగారు లేదు. 10, 15 మిల్లీమీటర్లు కిందుంటే పోయాలి, కారుతున్న చోటు వెతకాలి. వేలు పూర్తిగా వంచినా తడి తగలకపోతే ఆ బండిని మెకానిక్ షెడ్డు దాకా కూడా నడపకండి. పోసి, కారుడు చూసి, అప్పుడు కదలండి.

ఆటోమేటిక్ గేరున్న దిగుమతి వ్యాన్ల పద్ధతి వేరు. వాటిలో ఎక్కువ భాగానికి డిప్‌స్టిక్ ఉంటుంది, ఇంజను వేడెక్కి, ఐడిల్‌లో తిరుగుతుండగా పార్కులో పెట్టి చూడాలి. ఆయిల్ కూడా ఎరుపు రంగుది, వేరే రకం. ఈ వ్యాసంలో చెప్పేది మాన్యువల్ గురించే.

వేలికంటిన ఆయిల్ ఏం చెబుతోంది

లెవెల్ కంటే దీని దగ్గరే ఎక్కువసేపు ఆగాలి. వేలి మీది ఆయిల్‌ను తెల్ల కాగితం మీద రాసి, ఎండలోకి పట్టుకెళ్ళి చూడండి.

లేత పసుపు నుంచి గోధుమ రంగు దాకా ఉంటే బాగుంది. నల్లగా, మాడు వాసన వస్తే వేడికి పాడయింది, మార్చండి. గేర్ ఆయిల్‌కు పుట్టుకతోనే గంధకం వాసన ఉంటుంది, దాన్ని మాడు వాసన అనుకోవద్దు. వేళ్ళ మధ్య రుద్దితే మెత్తటి బూడిద రంగు పొడి తగలడం సహజం. అయస్కాంతం ఉన్న ప్లగ్గుకు ఆ పొడి ముద్దగా అంటుకుంటుంది, తుడిచేయండి. పసుపుపచ్చగా మెరిసే రజను ఇత్తడిది, సింక్రో రింగులు అరుగుతున్నాయి. ఏ గేరు వేసేటప్పుడు కరకరమంటోందో గమనిస్తే ఏ రింగో తెలుస్తుంది. వేలికి గుచ్చుకునే ఉక్కు పలుకులో, పొలుసులో కనిపిస్తే పళ్ళు గానీ బేరింగు గానీ విరుగుతున్నట్టు. ఆయిల్ మార్చినంత మాత్రాన అది ఆగదు, బాక్సు విప్పించాల్సిందే.

పాల టీ రంగులో ఉంటే నీళ్ళు కలిశాయి. వంశధార, నాగావళి వైపు వానాకాలంలో కల్వర్టుల మీద నీళ్ళు పారుతుంటే బండి దాటించడం మామూలే. వేడెక్కిన గేర్ బాక్సు చల్లటి నీళ్ళలోకి దిగగానే లోపలి గాలి కుంచించుకుపోయి బయటి నుంచి లాక్కుంటుంది. అందుబాటులో ఉన్న దారి బాక్సు పైనున్న బ్రీదరు (లోపలి గాలి పోయే చిన్న రంధ్రం), అరిగిన ఆయిల్ సీళ్ళు. గాలికి బదులు నీళ్ళే లోపలికి పోతాయి. అనుమానం తీరకపోతే ఆరుబయట పాత గరిటె వేడిచేసి ఒక్క చుక్క వేయండి. చిటపటమంటే నీళ్ళున్నాయి. అప్పుడు ఆయిల్ దింపి, అదే నంబరు చవక రకం ఆయిల్ పోసి, పది ఇరవై కిలోమీటర్లు నెమ్మదిగా తిప్పి, వెచ్చగా ఉండగానే దాన్నీ దింపేసి, తర్వాత మంచిది పోయండి. ఒక్కసారి మార్చి వదిలేస్తే మూలల్లో మిగిలిన నీరు బేరింగులకు తుప్పు పట్టిస్తుంది.

వేలిని మోసం చేసే సందర్భం ఒకటుంది. పాత బండి అమ్మేవాళ్ళలో కొందరు బాక్సు ఊళ వినపడకుండా 140 నంబరో, ఇంకా చిక్కనిదో పోస్తారు. సెమిలిగుడ చలిలో పొద్దున్నే సెకండ్ గేరు అస్సలు పడకపోయి, ఎండెక్కాక మామూలైపోతే ముందు దాన్నే అనుమానించండి. సరైన ఆయిల్ మార్చాక దాచిన శబ్దం బయటపడుతుంది. కొత్త ఆయిల్ చెడ్డదని తిట్టుకోకండి.

శబ్దం వింటే ఇంకొంత తెలుస్తుంది. న్యూట్రల్‌లో ఉండి, క్లచ్చు వదిలినప్పుడు వచ్చే ఊళ, క్లచ్చు తొక్కగానే ఆగిపోతే ఇంజను వైపున్న ముందు షాఫ్టు బేరింగో, అడుగు షాఫ్టు బేరింగో అరిగినట్టు. ఇంజను బలం వెనక చక్రాలకు పోయే పాత బండ్లలో ఎక్కువగా ఫోర్త్ గేరు నేరుగా పోతుంది, అంటే బలం అడుగు షాఫ్టు గేర్ల గుండా పోదు. మిగతా గేర్లలో ఉన్న శబ్దం ఫోర్త్‌లో తగ్గితే తప్పు ఆ గేర్లలోనే. అన్నింట్లోనూ ఒకేలా, బండి వేగాన్ని బట్టి పెరుగుతుంటే క్రౌన్ వైపు చూడండి.

తగ్గిన ఆయిల్ ఎటు పోయింది

వెతకడానికి ముందు బాక్సు మొత్తం కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టండి. అనుమానం ఉన్న చోట్ల ముఖానికి రాసుకునే పౌడరు చల్లి, పదిహేను కిలోమీటర్లు తిప్పి వచ్చి టార్చి వేస్తే, పౌడరు తడిసిన గీత మొదలైన చోటే కారుడు చోటు. బండి నడుస్తుంటే గాలి ఆయిల్‌ను వెనక్కి ఊదుతుంది కాబట్టి చుక్క పడే చోటు చూసి నిర్ణయించొద్దు, అన్నింటికంటే ముందు, అన్నింటికంటే పైన తడిసింది ఏదో చూడండి.

ఎక్కువసార్లు దొరికేది వెనక సీలు, షాఫ్టు వచ్చి దూరే చోట. షాఫ్టు కొసనుండే క్రాస్ జాయింటు అరిగితే షాఫ్టు ఊగి ఈ సీలును చెడగొడుతుంది. అలాంటప్పుడు సీలు ఒక్కటే మారిస్తే మళ్ళీ కారుతుంది, క్రాస్ కూడా చూడాలి. తర్వాత గేరు రాడ్డు సీలు, స్పీడోమీటరు కేబులు దూరే చోటు, అడుగు ప్లగ్గు వాషరు. ఇవన్నీ బయటికి కనిపించేవే. కనిపించనిది ముందు షాఫ్టు సీలు. అది పోతే ఆయిల్ క్లచ్చు డబ్బాలోకి కారుతుంది. ఇంజను వెనక సీలు పోయినా ఆ డబ్బాలోంచే చుక్కలు పడతాయి. వాసన చూసి తేల్చుకోండి, గంధకం వాసన, చిక్కదనం ఉంటే గేర్ ఆయిల్, నల్లగా పలచగా ఉంటే ఇంజనుది. రెండింటిలో ఏదైనా క్లచ్చు ప్లేటుకు అంటితే ఘాటు మీద క్లచ్చు జారుతుంది, ఇంజను అరుస్తుంది, బండి కదలదు. ఈ సీళ్ళ పనికి బాక్సు దింపాలి కాబట్టి ఇంట్లో చేయాలనుకోకండి.

సీళ్ళ మీద నెపం వేసేముందు బ్రీదరు చూడండి. బాక్సు పైన చిన్న టోపీలా ఉంటుంది. ఎర్రమట్టి, ఆయిల్ ఆవిరి కలిసి దాన్ని మూసేస్తే వేడికి పెరిగిన ఒత్తిడి పోయే దారిలేక మంచి సీళ్ళ గుండానే ఆయిల్‌ను తోస్తుంది. కొత్త సీలు వేసిన నెలకే మళ్ళీ కారుతోందంటే చాలాసార్లు కారణం ఇదే. తీసి కిరోసిన్‌లో కడిగి, నోటితో ఊదితే గాలి పోవాలి. బ్రీదరు స్థానంలో రబ్బరు గొట్టం తొడిగి దాని కొస పైకి, సీటు ఎత్తుకు కట్టేస్తే వాగులు దాటేటప్పుడు నీళ్ళ భయమూ తగ్గుతుంది. వెనక ఇరుసుకూ అలాంటిదే ఒకటి ఉంటుంది. అది మూసుకుపోతే క్రౌన్ ఆయిల్ చక్రాల వైపు కారి బ్రేకు షూలను తడుపుతుంది. ఘాటు దారిలో దానికి మించిన ప్రమాదం లేదు.

పోయడం, బిగించడం

చిక్కటి ఆయిల్ పక్క రంధ్రంలోకి గరాటుతో పోయడం కుదరదు. డబ్బాను గంటసేపు ఎండలో పెట్టి, చేతి పంపుతో గానీ, గొట్టం తగిలించిన పెద్ద సిరంజితో గానీ పోయండి. పై నుంచి పారదర్శకమైన గొట్టం దించి, పైన గరాటు పెట్టి ఇంకొకరు పోస్తే కూడా బాగా దిగుతుంది. రంధ్రం నుంచి పొర్లడం మొదలయ్యాక ఆపి, ధార సన్నబడి చుక్కలయ్యేదాకా ఆగండి. “ఘాటు ఎక్కాలి కదా, ఇంకాస్త ఎక్కువ పోసేద్దాం” అని బండి వాల్చి పోసేవాళ్ళున్నారు. ఎక్కువైన ఆయిల్‌ను గేర్లు చిలికి నురగ చేస్తాయి, నురగలో గాలి ఉంటుంది కాబట్టి పళ్ళకు పొర పట్టదు, బాక్సు వేడెక్కుతుంది, మిగిలింది సీళ్ళ గుండా తోసుకొస్తుంది.

వాషరు కొత్తది వేయండి. రాగిదైతే ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే మెత్తబడి ఇంకోసారి పనికొస్తుంది, అల్యూమినియందానికి ఆ పని చేయకండి. కొస సన్నబడే ప్లగ్గుకు వాషరు ఉండదు, మరలకు పూత మాత్రమే. టెఫ్లాన్ టేపు ముక్కలు తెగి లోపలికి పోతాయి గనుక సీలెంటు మేలు. బాక్సు అల్యూమినియందైతే మొదటి మూడు నాలుగు చుట్లూ చేత్తోనే తిప్పండి, అడ్డంగా పట్టిందేమో అక్కడే తెలుస్తుంది. పుస్తకంలో బిగింపు 30 న్యూటన్ మీటర్లని ఉంటే, 20 సెంటీమీటర్ల పానా కొసన దాదాపు 15 కిలోల బలం అన్నమాట. పానాకు పైపు తొడిగి లాగితే అల్యూమినియం మరలు ఊడి వస్తాయి.

అదే ఊపులో క్రౌన్ ప్లగ్గు కూడా విప్పి చూసేయండి, పద్ధతి అదే. రెండు ఆయిళ్ళూ ఒకే పంపుతో పోస్తే మధ్యలో పంపు కడగాలి.

ప్రతి ఐదు వేల కిలోమీటర్లకోసారి చూడటం సరిపోతుంది. బండి ఎక్కువ నిలబడి ఉండేదైతే కిలోమీటర్ల లెక్క పనికిరాదు. రథయాత్రకు ముందు ఒకసారి, వానలు తగ్గాక కార్తీకంలో ఒకసారి చూడండి. ఆయిల్ మార్చే గడువు పుస్తకంలో చెప్పినదానికి ఘాటు దారులవాళ్ళు సగం వేసుకోవచ్చు. దింపిన ఆయిల్‌ను పొలం కాలువలోకో, పెరట్లోకో వదలకుండా మూతున్న డబ్బాలో పోసి, పాత ఆయిల్ కొనే షెడ్డుకు ఇచ్చేయండి. పోసిన మర్నాడు బండి కింద అట్ట ముక్క పరిచి, రాత్రంతా ఉంచి, పొద్దున ప్లగ్గు కింద చుక్క ఉందేమో చూసుకున్నాకే దూర ప్రయాణం పెట్టుకోండి.